మగ చేపకి ఏం మేత పెడుతున్నారో కూడా అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఏటా వానాకాలం రాగానే మీ పేపర్లో ప్రభుత్వం చెరువుల్లో వదిలే ఉచిత చేపపిల్లల వార్తలు వస్తాయి, సైజు తగ్గిందనో, లెక్క తక్కువ పోశారనో, చెరువు దగ్గరికి వచ్చేసరికి సగం చచ్చిపోయాయనో. తెలంగాణలో 2016లో మొదలైన పథకం అది, దానికి మా కైకలూరు, ఆకివీడు వైపు నుంచి కూడా పిల్ల వెళ్తుంది, మేం కూడా అదే పిల్లని మా చెరువుల్లో వేసుకుంటాం. సైజు, లెక్క అడగడం కరెక్టే. కానీ ఆ పిల్ల పుట్టక ముందు, దాని తండ్రి చేప ఏం తిన్నది అని ఒక్కరు కూడా అడగట్లేదు, అందుకే ఈ లెటర్ రాస్తున్నాను. నేను పిల్ల కొనుక్కుని చెరువులు చేసే రైతుని, సైంటిస్టుని కాదు, చదివినవీ, చేపపిల్లల్ని పుట్టించే హేచరీల్లో కళ్ళతో చూసినవీ కలిపి చెప్తున్నా.

హేచరీలో అందరి కళ్ళూ ఆడ చేప మీదే ఉంటాయి. పొట్ట మెత్తబడిందా, గుడ్డు తయారైందా, గుడ్డు పెట్టించే ఇంజెక్షన్ ఎప్పుడు వెయ్యాలి, ఇదే గొడవ. మగ దాని సంగతి చాలా సింపుల్‌గా తేల్చేస్తారు, పక్క రెక్క చేత్తో తడిమితే గరుగ్గా ఉంటే అది మగది, పొట్ట కింద నొక్కితే తెల్లగా పాలలాగా వస్తే తయారైనట్టు, ఆడ దానికంటే తక్కువ డోసు ఒకటి వేసి తొట్టిలో వదిలేస్తారు. మేత అంటారా, పెంపకం చెరువుల్లో వాడేదే, డీఓబీ అనే తవుడు, కొంచెం వేరుశనగ చెక్క, రేటు తక్కువ ఉంటే పత్తి చెక్క, చిల్లుల సంచుల్లో పోసి కర్రలకి కట్టేస్తారు. అమ్మకానికి పెంచే శీలావతి (రోహూ), బొచ్చెలకి (కట్లా) అది సరిపోతుందేమో గానీ బ్రీడింగ్‌కి పెట్టిన చేపకి సరిపోదు.

ఎందుకంటే ఆ పాలు తెల్లగా కనపడినంత మాత్రాన దాంట్లో కణాలకి బలం ఉందని అర్థం కాదు. చేప ఒంట్లో ఉన్నంతసేపూ వీర్యకణాలు కదలకుండా ఉంటాయి, నీళ్ళు తగలగానే కదలడం మొదలుపెడతాయి, అది కూడా ఒకటి రెండు నిమిషాల్లోనే అయిపోతుంది. గుడ్డుకేమో ఒకే ఒక్క సన్న రంధ్రం ఉంటుంది, గుడ్డు నీళ్ళు పీల్చి ఉబ్బేలోపే కణం అక్కడికి చేరాలి, లేకపోతే ఆ దారి మూసుకుపోతుంది. ఆ కాసేపు గట్టిగా ఈదాలంటే కణం పైపొర బాగుండాలి, ఆ పొర ఒమేగా-3 లాంటి కొవ్వులతో తయారవుతుంది, అవి పాడవకుండా విటమిన్ ఇ, విటమిన్ సి కాపాడతాయి. వీటికి మూలం మేతే, చాలా రకాల చేపల ఒంట్లో విటమిన్ సి అసలు తయారే కాదు. ట్రౌట్ చేపల మీద 1990ల్లోనే చేసి చూశారు, విటమిన్ సి లేని మేత పెట్టిన మగవాటిలో కణాల సంఖ్యా కదలికా రెండూ తగ్గాయి, ఫలదీకరణ కూడా తగ్గింది. మరి మనం పెట్టే డీఓబీ ఏంటి, నూనె తీసేసిన తవుడు. వేరుశనగలో ఒమేగా-3 దాదాపు లేదు. చెరువులో పచ్చనీరు బాగుండి ప్లాంక్టన్, అంటే నీళ్ళలో తేలే సన్న జీవులు, దొరికితే చేప కొంత అక్కడే తెచ్చుకుంటుంది, కానీ బ్రూడ్ చెరువులో, అంటే బ్రీడింగ్‌కి ఉంచిన చేపల చెరువులో, కిక్కిరిసి వేసి, పేడ ఎరువు కూడా సరిగ్గా వెయ్యని చోట అదీ దొరకదు.

ఇంకో సంగతి నన్ను బాగా ఆలోచింపజేసింది. ట్రినిడాడ్ దీవి వాగుల్లో ఉండే గప్పీ చేపలు, ఇక్కడ అక్వేరియం షాపుల్లో అమ్మేవే, వాటిలో మగవాటి ఒంటి మీద నారింజ మచ్చలుంటాయి. ఆ రంగుకి కావాల్సిన కెరోటినాయిడ్లు చేప తయారు చేసుకోలేదు, నాచులాంటివి తింటేనే వస్తాయి, చెట్ల నీడ కమ్మి వెలుతురు పడని వాగుల్లో నాచు తక్కువ కాబట్టి ఆ రంగు సరుకు కూడా తక్కువే దొరుకుతుంది. ఆడ గప్పీలు చాలా చోట్ల నారింజ ఎక్కువున్న మగదాన్నే ఇష్టపడతాయి, అంటే మగది ఎలా తిన్నదో ఆడది ముందే చూసుకుంటున్నట్టే కదా. మన శీలావతి, బొచ్చె లాంటి కార్ప్ చేపలకి ఆ మచ్చలు లేవు, నిజమే, కానీ హేచరీ తొట్టిలో ఏ మగది ఉండాలో ఆడది తేల్చుకోదు, మనం తేలుస్తున్నాం, ఇంజెక్షన్ వేసి టైమ్ కూడా మనమే ఫిక్స్ చేస్తున్నాం. అలాంటప్పుడు ఆ చూసుకునే బాధ్యత కూడా మన మీదే పడుతుంది, ఆ పని మనం చెయ్యట్లేదు.

ఖర్చు ఎక్కువ అంటారు. నేను ఒప్పుకోను. కేజీ బరువు శీలావతి లక్ష పైన గుడ్లు పెడుతుంది, వాటికి సరిపడా మగ చేపలు ఎన్ని, వాటి మేత ఎంత, పెంపకం చెరువు మేత బిల్లుతో పోలిస్తే అది లెక్కలోకే రాదు. భువనేశ్వర్‌లోని సీఫా, అంటే కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ వాళ్ళు బ్రూడ్ చేపల కోసమే సీఫాబ్రూడ్ అని మేత తయారు చేశారు, దానితో చేపలు ముందుగానే తయారవుతాయి, సీజన్లో ఒకటికంటే ఎక్కువసార్లు బ్రీడింగ్ చెయ్యొచ్చు. వాళ్ళ ప్రాంతీయ కేంద్రం మన విజయవాడ దగ్గరే ఉంది. అలాగని ఎక్కువ మేత పోస్తే మంచిదనుకోవద్దు, పొట్ట నిండా కొవ్వు పట్టిన చేప బ్రీడింగ్‌కి పనికిరాదు, హేచరీ పాతకాపులందరికీ తెలిసిన మాటే ఇది.

పిల్ల నాణ్యత పడిపోవడం అంతా మేత వల్లే అని నేను అనట్లేదు. ఏళ్ళ తరబడి అవే చేపల్లో అవే కలుపుకుంటూ పోవడం, కట్లా రోహూ కలిసిపోవడం పెద్ద సమస్యలే, వాటి గురించి అప్పుడప్పుడు మాట్లాడుతున్నారు. దీని గురించి మాత్రం అసలు మాట్లాడట్లేదు.

ఆంధ్రలో సీడ్ నాణ్యతకి 2006లో చట్టం వచ్చింది, మేత నాణ్యతకి 2020లో వచ్చింది, కాబట్టి కొత్త చట్టం అడగట్లేదు. రెండు ప్రభుత్వాలనీ అడిగేది ఒకటే, చేపపిల్లల టెండర్లో సైజుతో పాటు బ్రూడ్ చేపల రిజిస్టర్ కూడా చూపించమని రాయండి, దాంట్లో మగవాటికి ఏ మేత, ఎన్ని నెలల ముందు నుంచి పెట్టారో ఉండాలి, బ్యాచ్ వారీగా ఎన్ని గుడ్లు నిలిచాయో ఎన్ని తెల్లబడి పాడయ్యాయో ఉండాలి. మగ చేప పాలు ఒక చుక్క మైక్రోస్కోప్ కింద చూడటానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు, ముత్తుకూరు, పెబ్బేరు ఫిషరీస్ కాలేజీల పిల్లల్ని సీజన్లో హేచరీలకి పంపిస్తే వాళ్ళకి చదువు, మాకు పని రెండూ అవుతాయి.

మీకు కూడా ఒక రిక్వెస్ట్ ఎడిటర్ గారూ. మీ రిపోర్టర్లు జులై, ఆగస్టుల్లో పిల్ల వదిలేటప్పుడు వస్తారు, అప్పటికి చెయ్యగలిగింది ఏమీ ఉండదు. ఈసారి ఫిబ్రవరి, మార్చిలో బ్రూడ్ చెరువుల దగ్గరికి పంపించండి, సంచుల్లో ఏం మేత పోస్తున్నారో చూసి రాయమనండి.

ఇట్లు,
ఒక చేపల రైతు, కొల్లేరు ప్రాంతం