ఆ పదకొండు క్యాసెట్లు ఇచ్చిన పెద్దాయన గారికి

పోయిన నెల గవర్నర్‌పేటలో, వీసీఆర్ బాగుచేసే షాపు దగ్గర మీరే నన్ను పలకరించారండీ. కంగారులో మీ పేరు కూడా అడగలేదు, క్షమించాలి.

90లలో వచ్చిన తెలుగు సీరియళ్లలో ఆడవాళ్ల మాటతీరు మీద నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. 'ఋతురాగాలు' అనగానే అందరూ పాట అందుకుంటారు. అప్పటి ఎపిసోడ్లు వరసగా చూద్దామంటే మాత్రం చుక్కలు కనిపించాయి. రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. ఆన్‌లైన్‌లో దొరికినవి ముక్కలు ముక్కలు.

మర్నాడే మీరు బట్టల షాపు సంచిలో క్యాసెట్లు తెచ్చిచ్చారు. మీ ఆవిడ గారు రికార్డు చేసుకున్నవట. ఒకదాని మీద 'తమ్ముడి పెళ్లి' అని ఉన్నది కొట్టేసి, పైన 'సీరియల్, చెరపొద్దు' అని రాశారు. ఆ తమ్ముడు గారు ఏమన్నారో గానీ, నా థీసిస్ మాత్రం నిలబడింది!

రెండింటికి తెల్లగా బూజు పట్టింది. అలాగే తిప్పితే వీసీఆర్‌లో టేపును చదివే హెడ్ పాడవుతుందని షాపతను టేపు బయటికి తీసి, ఓపిగ్గా తుడిచి, వేరే డబ్బాలో చుట్టాడు. మూడు గంటల క్యాసెట్ కాపీకి మూడు గంటలూ కూర్చోవాల్సిందే. మధ్యలో సబ్బుల ప్రకటనలు కూడా ఉన్నాయి. అవి నాకు సీరియల్‌తో సమానం, ఇల్లాలిని ఎలా మాట్లాడించారో అక్కడా తెలుస్తుంది.

మీ క్యాసెట్లు, వాటి కాపీలున్న పెన్‌డ్రైవ్ అదే షాపులో ఇచ్చాను. లేబుళ్లు చెదరలేదు. వీలున్నప్పుడు తీసుకోండి. చాలా థ్యాంక్సండీ.