మంచు దారులు మూసుకోకముందే గర్భిణి ఇంటిల్లిపాదికీ చోటు చూపాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

కాశ్మీరును లడఖ్‌తో కలిపే జోజిలా కనుమ కింద సాగుతున్న సొరంగం పనుల గురించి మన పత్రికల్లో తరచుగా వార్తలు వస్తున్నాయి. సుమారు 13 కిలోమీటర్ల ఆ సొరంగాన్ని హైదరాబాదుకు చెందిన మేఘా సంస్థ తవ్వుతున్నందువల్ల తెలుగు పాఠకులు వాటిని ప్రత్యేకమైన ఆసక్తితో చదువుతారు. సైన్యం రాకపోకల గురించీ, పర్యాటకుల సౌకర్యం గురించీ ఆ వార్తలు వివరంగానే చెబుతాయి గానీ, ఆ కొండలకు అవతల చలికాలమంతా కాపురాలు చేసుకునే ఇళ్లలో కడుపుతో ఉన్న ఆడవాళ్ల ఊసు ఒకటి రెండు వాక్యాలకు మించి కనిపించదు. మావారి ఉద్యోగరీత్యా మేము కార్గిల్‌లో కాపురమున్నాము. నా రెండో కాన్పు నెలల్లో ఎక్కువ భాగం అక్కడి చలిలోనే గడిచాయి. ఆ అనుభవంతో నేను మీ పత్రిక ద్వారా చెప్పదలచినది ఒక్కటే: మంచుతో దారులు మూసుకుపోయే చోట కాన్పు ఏర్పాట్లు చలికి కట్టెలు చేర్చుకునే రోజుల్లోనే మొదలు కావాలి, ఆ ఏర్పాట్లలో గర్భిణితో పాటు ఆమె కుటుంబానికి కూడా చోటుండాలి.

కార్గిల్ పట్టణం సముద్ర మట్టానికి సుమారు 2,700 మీటర్ల ఎత్తున ఉంది. శ్రీనగర్ ఒక వైపు, లేహ్ మరో వైపు, రెండూ రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్నాయి. శ్రీనగర్ వెళ్లాలంటే 3,500 మీటర్లు దాటిన జోజిలా ఎక్కి దిగాలి, లేహ్ వెళ్లాలంటే 4,100 మీటర్ల ఫోతులా కనుమ దాటాలి. ఒకప్పుడు జోజిలా ఏడాదిలో ఐదారు నెలలు మూతపడి ఉండేది. సరిహద్దు రహదారుల సంస్థ వారి శ్రమ వల్ల ఆ గడువు 2024లో 35 రోజులకు, 2025లో 32 రోజులకు తగ్గింది. ఇది నిజంగా కొనియాడదగిన పని. అయితే దారి తెరిచి ఉన్నట్టు లెక్కల్లో కనిపించే రోజుల్లో కూడా మంచు కురిస్తే, కొండచరియల మీది మంచు జారితే, బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. కార్గిల్‌కు మామూలు ప్రయాణికుల విమానాలు నడవవు. చలికాలంలో వైమానిక దళం వారి ఏఎన్-32 విమానం ప్రజల కోసం తిరుగుతుంది గానీ, అది వాతావరణం అనుకూలించిన రోజున మాత్రమే వస్తుంది. తొమ్మిదో నెల నిండిన మనిషి ఆకాశం ఎప్పుడు తేటపడుతుందా అని కూర్చోలేదు కదా.

ఆ ఊళ్లో చలికాలం ఇంటిని ఎలా మార్చేస్తుందో మన ప్రాంతాల వారికి ఊహించడం కష్టం. నవంబరు వచ్చేసరికి కుటుంబాలన్నీ ఇంట్లోని గదులు మూసేసి, బుఖారీ అని పిలిచే రేకు పొయ్యి ఉన్న ఒక్క గదిలోకి చేరతాయి. వంట, తిండి, చదువు, నిద్ర అన్నీ అక్కడే సాగుతాయి. నీళ్ల గొట్టాలు గడ్డకట్టి పగిలిపోతాయి కాబట్టి బిందెలతో మోసుకురావాలి. మెట్ల మీద పేరుకున్న మంచు పగటి ఎండకు కొంచెం కరిగి రాత్రికి గాజులా బిగుసుకుపోతుంది, దాని మీద జారిపడితే కడుపులో బిడ్డకు ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. అందుకే మావారు పొద్దున్నే లేచి బుఖారీలోని బూడిద తీసుకెళ్లి మెట్ల మీద చల్లేవారు. ఈ ఉపాయం చెప్పింది మా ఇంటి యజమానురాలు. ఆవిడ అరవై ఏళ్లు దాటిన మనిషి, తన కాన్పులన్నీ మంచు రోజుల్లోనే జరిగాయని చెప్పేవారు. నా చేత బిందె ఎత్తనిచ్చేవారు కాదు, ‘బేటీ, నువ్వు కూర్చో’ అని తన మనవణ్ణి పంపేవారు.

తిండి విషయానికొస్తే, అక్కడివారు వేసవిలోనే ఆకుకూరలు, టమాటాలు, నేరేడు రంగు వంకాయలు ఎండబెట్టుకుంటారు, బంగాళాదుంప, ముల్లంగి, టర్నిప్ దుంపలను నేల కింద గోతుల్లో దాచుకుంటారు. ఎండు ఖుబానీలు (ఆప్రికాట్లు), అక్రోటు పప్పులు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. మా అమ్మ తెనాలి నుంచి పంపిన చింతపండుతో నేను చారు పెట్టుకునేదాన్ని, వేవిళ్ల రోజుల్లో అదే నన్ను నిలబెట్టింది. పక్కింటి వాళ్లు థుక్పా అనే వేడి వేడి నూడుల్స్ సూపు గిన్నెతో తెచ్చి ఇస్తే మా పెద్దవాడు ఇష్టంగా తినేవాడు. ఒక్క జాగ్రత్త మాత్రం అందరికీ తెలియాలి. చలికి తట్టుకోవడానికి అక్కడ రోజంతా ఉప్పు చాయ్ తాగుతూనే ఉంటారు, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్రలను చాలామంది ఆ చాయ్‌తోనే మింగుతారు. చాయ్‌లోని పదార్థాలు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. మాత్రకూ చాయ్‌కూ మధ్య గంటో రెండు గంటలో ఎడం ఉండాలన్న మాట ప్రతి ఆశా కార్యకర్తా ప్రతి ఇంట్లో చెప్పదగినది.

రక్తం సంగతి ఎత్తైన ప్రాంతాల్లో ఇంకొంత చిక్కుగా ఉంటుంది. గాలిలో ప్రాణవాయువు తక్కువైనందువల్ల శరీరం ఎర్ర కణాలను ఎక్కువగా తయారు చేసుకుంటుంది, కాబట్టి హిమోగ్లోబిన్ అంకె పైకి బాగానే కనిపిస్తుంది. గర్భిణికి 11 గ్రాములు ఉంటే చాలునన్న మైదాన ప్రాంతపు కొలత అక్కడ సరిపోదు. 2,500 మీటర్లకు పైన ఉండేవారి విషయంలో వచ్చిన అంకె నుంచి ఒక గ్రాముకు పైగా తగ్గించి చూడాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల సారాంశం. ఎత్తు పెరిగే కొద్దీ బిడ్డ బరువు తగ్గుతుందనీ, ప్రతి వెయ్యి మీటర్లకు సగటున సుమారు 100 గ్రాములు తగ్గుతుందనీ వైద్య పరిశోధనలు తేల్చాయి. గర్భిణులకు వచ్చే రక్తపోటు జబ్బు కూడా అంత ఎత్తున ఎక్కువ. తరతరాలుగా అక్కడే పుట్టి పెరిగిన వారి శరీరాలు ఈ గాలికి కొంత అలవాటు పడ్డాయి. ఉద్యోగాల కోసం మైదానాల నుంచి వెళ్లిన మనలాంటివారికి ఆ రక్షణ ఉండదు, కాబట్టి రక్తపోటు, బిడ్డ ఎదుగుదల మరింత తరచుగా చూపించుకోవాలి. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన వైద్యులు గర్భిణులను ఉచితంగా పరీక్షిస్తున్నారు. ఎంతో మంచి కార్యక్రమమే, కానీ 9వ తేదీన మంచు కురిస్తే లోయల్లోని పల్లెల నుంచి ఎవరూ రాలేరు. అటువంటి జిల్లాలకు తేదీ సడలింపు ఉండాలి.

బుఖారీ గురించి కూడా రెండు మాటలు రాయక తప్పదు. రాత్రి చలికి భయపడి కిటికీ సందులకు గుడ్డలు కుక్కి, పొయ్యి రగిలించుకుని పడుకునే ఇళ్లు అక్కడ చాలా ఉన్నాయి. పొగగొట్టం సరిగా లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ గదిలో నిండుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు. తల్లి రక్తంలో చేరిన ఆ వాయువు గర్భంలోని బిడ్డ రక్తంలో ఇంకా ఎక్కువ మోతాదులో చేరుతుంది, ఇంకా ఆలస్యంగా వదులుతుంది. తల్లికి తలనొప్పితో పోయే విషం బిడ్డ ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి పడుకునే ముందు పొయ్యి ఆర్పడమూ, చలిగా ఉన్నా కిటికీ కొంచెం తెరిచి ఉంచడమూ తప్పనిసరి. గర్భిణి ఉన్న ప్రతి ఇంట్లో శీతాకాలానికి ముందే ఆరోగ్య సిబ్బంది పొగగొట్టాన్ని చూసి వెళ్లే ఏర్పాటు ఉండాలని నా అభిప్రాయం.

ఇక కాన్పు ఎక్కడ అన్న ప్రశ్న. మన ఇళ్లలో తొలి కాన్పుకు ఏడో నెలలో సీమంతం చేసి ఆడపిల్లను పుట్టింటికి తీసుకెళ్లే ఆనవాయితీ ఉంది. నా మొదటి కాన్పు అలాగే తెనాలిలో జరిగింది. రెండోసారి పెద్దవాడి బాగోగులు, మావారి సెలవు, ప్రయాణం అన్నీ చూసుకోవలసి వచ్చింది. 36 వారాలు దాటాక సాధారణంగా విమాన సంస్థలు గర్భిణిని ఎక్కించుకోవు, ఆ లోపే ఎటు వెళ్లాలో తేల్చుకోవాలి. నాకు రక్తపోటు పెరుగుతున్న సూచనలు కనిపించినప్పుడు ఒక ఆస్పత్రిలో అడిగితే ‘నొప్పులు మొదలయ్యాక రండి’ అన్నారు. మంచు పడిన రోజున నొప్పులు మొదలైతే ఎలా రావాలన్న ప్రశ్నకు అక్కడ సమాధానం దొరకలేదు. చివరికి డిసెంబరులో, దారి ఇంకా నడుస్తుండగానే, శ్రీనగర్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాము. మా అమ్మ తెనాలి నుంచి అక్కడికే వచ్చింది. కాశ్మీరీలు చిల్లై కలాన్ అని పిలిచే నలభై రోజుల కటిక చలిని అమ్మ, నేను, మా పెద్దవాడు ఆ గదిలో గడిపాము, మావారు మాత్రం పని వదలలేక కార్గిల్‌లోనే ఉండిపోయారు. బిడ్డ క్షేమంగా పుట్టింది. తండ్రి వచ్చి ఎత్తుకునేసరికి వాతావరణం మూలంగా చాలా ఆలస్యమైంది.

మాకు గది అద్దె కట్టుకునే స్తోమత ఉంది, అమ్మ రాగలిగింది. మా ఇంటికి దగ్గర్లో ఉండే ఒక ఇల్లాలికి ఈ రెండూ లేవు. జిల్లా ఆస్పత్రిలో ముందే చేరమని ఆశా కార్యకర్త ఎన్నిసార్లు చెప్పినా, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలను, కొట్టంలో పశువులను, మంచాన పడిన అత్తగారిని వదిలి నెల రోజుల ముందు ఎలా వెళ్తానని ఆమె అడిగేది. అధికారులు దీన్ని అవగాహన లోపం అంటారు. నాకు అలా అనిపించలేదు. ఆమెకు ప్రమాదం సంగతి బాగా తెలుసు. తాను వెళ్తే బుఖారీ దగ్గర పిల్లలను ఎవరు కనిపెట్టుకుంటారన్నదే ఆమె ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పని ఏ పథకమూ ఆమెను ఇల్లు కదిలించలేదు.

మన పథకాలు కాన్పు చుట్టూ అల్లినవే. 2005 నాటి జననీ సురక్షా యోజన ఆస్పత్రి కాన్పుకు డబ్బు ఇస్తుంది. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం మందులు, పరీక్షలు, రాకపోకలు ఉచితంగా ఇస్తుంది, మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషన్ అయితే ఏడు రోజులు తల్లికి భోజనం పెడుతుంది. వీటి వల్ల లక్షల మంది తల్లులకు మేలు జరిగింది. అయితే మంచు ప్రాంతాల్లో తల్లి నాలుగైదు వారాల ముందే ఇల్లు వదలాలి, ఆ వారాల్లో ఆమెకు, వెంట వచ్చిన పెద్దావిడకు, చిన్న పిల్లలకు తిండీ నీడా ఎవరిస్తారో వీటిలో ఎక్కడా స్పష్టంగా లేదు.

దీనికి దారి మన దగ్గరే కనిపిస్తోంది. ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లాలోని సాలూరులో కొండల మీది గ్రామాల గర్భిణుల కోసం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ 2018లో వసతి గృహం ప్రారంభించింది. నెలలు నిండకముందే అక్కడికి వచ్చి ఉంటే భోజనం, వైద్య పరీక్షలు అక్కడే అందుతాయి. డోలీ కట్టి వాగులు దాటించే అవసరం ఆ తల్లులకు తప్పుతుంది. మంచుకు బదులు మన ఏజెన్సీలో వానలు దారులు మూస్తాయి, అంతే తేడా. కెనడా ఉత్తరాన ఉండే ఆదివాసులైన ఇన్యూట్ ప్రజలు మరో పాఠం నేర్పారు. కాన్పుకు కొన్ని వారాల ముందు తల్లులను ఒంటరిగా విమానంలో దక్షిణాది ఆస్పత్రులకు పంపే పద్ధతి వల్ల కుటుంబాలు ఎంతో బాధపడ్డాయి. వాళ్లు పట్టుబట్టి పువిర్నితుక్ అనే ఊళ్లో 1986లో ప్రసూతి కేంద్రం తెరిపించుకుని, తమ ఆడవాళ్లకే మంత్రసాని శిక్షణ ఇప్పించుకున్నారు. ప్రమాదం తక్కువగా ఉన్న తల్లులు ఇంటివాళ్ల మధ్యే కనే వీలు అలా కలిగింది.

అందువల్ల మంచు జిల్లాల్లో ఆస్పత్రి పక్కనే వసతి గృహాలు కట్టినప్పుడు, వరుసగా మంచాలు వేసిన వార్డుకు బదులు, కుటుంబానికొక గది, వండుకునే చోటు ఉండేలా కట్టాలని కోరుతున్నాను. అక్టోబరు లోపే ప్రతి పల్లెలో చలికాలంలో కాన్పు అయ్యేవారి జాబితా తయారు కావాలి. చలికాలపు విమానంలోనూ, హెలికాప్టరులోనూ గర్భిణితో పాటు ఒక తోడుకూ, చిన్న పిల్లలకూ సీటు ఇవ్వాలి. లోయల్లోని ఉప కేంద్రాల్లో శిక్షణ పొందిన నర్సు చలికాలమంతా ఉండేలా ఆమెకు వెచ్చని క్వార్టరు కట్టించాలి.

మన రాష్ట్రాల నుంచి హిమాలయాల్లో పనులకు వెళ్లే ఇంజినీర్లు, కార్మికులు ఏటా పెరుగుతున్నారు. కేంద్ర ప్రభుత్వోద్యోగి తండ్రికి 15 రోజుల సెలవు ఉంది, ప్రైవేటు ఉద్యోగికి చట్టం ఆ మాత్రం కూడా ఇవ్వలేదు. మంచు దారుల్లో రానూ పోనూ ప్రయాణానికే ఆ రోజులు చాలకపోవచ్చు. అక్కడికి పంపే సంస్థలు కాన్పు సమయంలో తండ్రికి కనీసం ఆరు వారాల వెసులుబాటు నియామక పత్రంలోనే రాసి ఇవ్వాలి. సాలూరు వసతి గృహం ఇప్పుడు ఎలా నడుస్తోందో, తల్లులతో వచ్చిన పిల్లలకు అక్కడ ఏ ఏర్పాట్లు ఉన్నాయో మీ విలేకరులు వెళ్లి చూసి రాస్తే, అటువంటివి పాడేరులోనూ, భద్రాచలం ప్రాంతంలోనూ, కార్గిల్‌లోనూ ఎలా ఉండాలో అధికారులతో మాట్లాడడానికి మాలాంటివారికి ఆధారం దొరుకుతుంది.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
తెనాలి