మా సెల్లార్లో నీళ్ళు గోదారివి కాదండి, మా బాత్రూమువే

అందరికీ నమస్కారమండి. మాది నరసాపురం. ఫిబ్రవరి నుంచి మా సెల్లార్ గొడవ వినీవినీ మా వీధివాళ్ళకి విసుగొచ్చేసుంటుంది. పోయినవారం అది తేలిపోయింది, సాయం చేసినవాళ్ళకి విడివిడిగా చెప్పుకుంటూ పోతే ఎవరో ఒకర్ని మర్చిపోయి మాట పడతానని ఇక్కడే రాసేస్తున్నాను.

ఏటి పక్క ఊళ్ళో సెల్లార్ ఏంటండీ అని ఇల్లు కట్టేటప్పుడే మామయ్యగారికి అందరూ చెప్పారంట, ఆయన వినలేదు. సగం నేలలోకి సగం పైకి ఉంటుంది. నేనూ మా అత్తయ్యగారూ ఇళ్ళకి దారం ఇచ్చి లేసు అల్లిస్తాం, వచ్చిన సరుకంతా అట్టపెట్టెల్లో అక్కడే. 2024లో మన లేసుకి జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ఊరి సరుకే అని ఇచ్చే గుర్తింపు, వచ్చాక ఆర్డర్లు కాస్త పెరిగి పెట్టెలు నేల మీదే వరసలు పేర్చేశాం, తప్పు మాదే. ఓరోజు కింద వరస పెట్టె ఎత్తబోతే అడుగు ఊడి నా కాళ్ళ మీద పడింది, లోపల పెద్ద టేబుల్ క్లాతు, మడత మడతకీ నల్లటి బూజు చుక్కలు, పక్కన పాత ట్రంకు పెట్టెలో ఉన్నవాటికేమో తుప్పు మరకలు. అంత క్లాతు ఒక మనిషి నెలపైన కూర్చుని అల్లితే గాని తెమలదు, చూసి అత్తయ్యగారు మాట్లాడలేదు, అలా మెట్ల మీద కూర్చుండిపోయారు.

మా అందరికీ ఒకటే మాట, గోదారి ఊట. "కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తిచేసిన దగ్గర్నుంచీ ఈ నేల ఆరిందెప్పుడు" అని మామయ్యగారి డైలాగు. ఒక మేస్త్రీ వచ్చి లోపల గోడలన్నిటికీ వాటర్ ప్రూఫ్ మందు పూయాలన్నాడు, పూయించాం, 14 వేలు. నెలన్నరకి మందు పొక్కులు పొక్కులుగా లేచి ఊడిపోయింది. ఆయన్ననడం ఎందుకు లెండి, నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో మేమూ అడగలేదు, ఆయనా చూడలేదు.

ఏప్రిల్లో కాలవలకి నీళ్ళు ఆపేశారు కదా, ఇంక ఆరుతుందిలే అనుకున్నాం. ఆరకపోగా మూలన ఇంకా పెరిగింది. అప్పుడొచ్చారు ఎదురింటి బాబాయ్‌గారు, రొయ్యల చెరువులు చేస్తారు ఆయన. చేతిలో పెన్ను టార్చిలా ఉండే సెలినిటీ మీటరు, నీళ్ళలో ఉప్పెంతుందో చూసేది. సెల్లార్ మూల నీళ్ళు ఒక్క చుక్క ఆ అద్దం మీద వేసి, మూత దించి, వెలుతురు వైపు పెట్టి నన్నే చూడమన్నారు. లోపల నీలం తెలుపు కలిసే గీత సున్నా దగ్గరుంది. తర్వాత మా దొడ్లో బోరు నీళ్ళు వేస్తే అదే గీత 5కి ఎక్కింది. "అమ్మాయ్, భూమిలోంచి ఊరితే మీ బోరులాగే ఉప్పగా ఉండాలి కదా, ఇవి మంచినీళ్ళు, అంటే బోరువి కాదు, మీరు ట్యాంకులోకి ఎక్కించేవి" అన్నారు. మూడు నెలలు మేం గోదారిని తిట్టుకున్నాం, ఆయనకి ఐదు నిమిషాలు పట్టిందండి ఆయ్!

ఆ రాత్రి ఆయన చెప్పినట్టే కుళాయిలన్నీ కట్టేసి, మోటారు వెయ్యకుండా, ట్యాంకులో నీటిమట్టం దగ్గర మైనపు పెన్సిల్తో గీత పెట్టాం. తెల్లారేసరికి రెండు వేళ్ళు దిగింది, వెయ్యి లీటర్ల ట్యాంకు కాబట్టి తక్కువలో తక్కువ 30 లీటర్లు ఎక్కడికో పోయినట్టే. రెండో రాత్రి కింద బాత్రూము లైను గేట్ వాల్వు కట్టి చూస్తే గీత కదల్లేదు. దొరికిపోయింది.

మొగల్తూరు నుంచి ప్లంబర్ తమ్ముడు ఆదివారమైనా వచ్చాడు. గోడంతా పగలగొట్టేస్తాడేమో అని నా భయం, కాదు, గీజరు కింద రెండు టైల్స్ మాత్రం తీశాడు. కుళాయి బిగించే చోట ఎల్బోకి, అంటే పైపు వంపు ముక్కకి, వెంట్రుకంత పగులు, ఎప్పుడో కుళాయి మార్చినప్పుడు రెంచితో మరీ బిగించేశారంట, అక్కడ్నుంచి గోడ లోపలే దిగి సెల్లార్ మూలకి చేరుతోంది. ఎల్బో మార్చి, లోపల ఇత్తడి మర ఉన్నది వేసి, కప్పెట్టే ముందు పంపుతో ప్రెజర్ పెట్టి గంటసేపు ముల్లు దిగుతుందేమో చూసి మరీ సిమెంటు పెట్టాడు. డబ్బులు ఎక్కువిస్తే తీసుకోలేదు, టీ రెండోసారి అడిగి తాగాడు.

లేసు సంగతి మా వీధి అక్కలు, పిన్నిగార్లు చూసుకున్నారు. సరుకంతా మేడ మీదకి మోసి, సబ్బు నీళ్ళలో నానబెట్టి ఉతికి, తుప్పు మరకల మీద నిమ్మకాయ, ఉప్పు రాసి ఎండలో పెట్టి, పాత తెల్ల పంచెల మీద పరిచి అంచులకి గుండుసూదులు గుచ్చి ఆరబెట్టారు. తడిమీద ముడుచుకుపోతే ఆకారం పోతుంది మరి. పదకొండు పోయాయి, మిగిలినవి నిలబడ్డాయి. దగ్గరగా చూస్తే ఒకట్రెండు చోట్ల లేత పసుపు ఉంది, అవి మేమే వాడుకుంటాం.

ఇప్పుడు సెల్లార్లో ఏదీ నేల మీద లేదు. బాబాయ్‌గారు రొయ్యల ట్రేలు ఇరవై పంపారు, బోర్లించి వాటి మీద పెట్టెలు, అవి కూడా అట్టవి కాదు మూతల ప్లాస్టిక్‌వి. గోడకి జానెడు ఎడం, పైపు పోయే గోడవైపు అసలు ఏమీ లేదు. మా మరిది ఇంకో పని చేశాడు, ట్యాంకు నిండితే అరిచే అలారం ఉంటుంది కదా, దాని వైర్లు రెండూ సెల్లార్ మూల నేలకి అంటించి పెట్టాడు, తడి తగిలితే చాలు మోగుతుంది. మొన్న నేల తుడుస్తుంటే "ట్యాంకు నిండింది, మోటారు ఆపండి" అని ఒకటే గోల, మామయ్యగారు పరిగెత్తుకెళ్ళి వెయ్యని మోటారు ఆపొచ్చారు.

బాబాయ్‌గారికి, ప్లంబర్ తమ్ముడికి, ఎండలో మేడెక్కిన అక్కలందరికీ, మా మరిదికి చేతులెత్తి దండాలండి. అత్తయ్యగారు మళ్ళీ కొత్త దారం పంచడం మొదలుపెట్టారు. బాబాయ్‌గారూ, మీ ట్రేలు రొయ్యలు పట్టేటప్పుడు కావాలంటే ఒకరోజు ముందు చెప్పండి, సరుకు దింపుకోవాలి.