పాటదారుని వదిలేసి సరంగుని తిట్టడమేమిటి?

సంపాదకులు గారికి నమస్కారం.

2027లో ఇటలీలోని నేపుల్స్‌లో జరగబోయే అమెరికాస్ కప్ తెరచాప పడవల పందాల మీద మీ ఆటల పేజీలో వచ్చిన కథనం చదివాను. అందులో పడవ సారథి రస్సెల్ కౌట్స్‌ని డబ్బు కోసం దేశాన్ని వదిలేసినవాడిగా రాశారు. నేను సఖినేటిపల్లి–నరసాపురం రేవులో పంటు, అంటే మనుషుల్నీ బళ్ళనీ గోదావరి దాటించే పడవ, నడిపి మానేసిన సరంగుని. కళ్ళు మసకబారాక ఇంటిపట్టునుండి మనవడి ఫోనులో ఈ పందాలే చూస్తున్నాను. ఆ మాట చదివి ఊరుకోలేకపోయాను.

కౌట్స్ న్యూజీలాండ్ వాడు. 1995లో ఆ దేశానికి కప్పు తెచ్చిపెట్టాడు, 2000లో నిలబెట్టాడు. వెంటనే జట్టులోని తోటివాడు బ్రాడ్ బటర్‌వర్త్‌తో కలిసి స్విట్జర్లాండ్ కోటీశ్వరుడు ఎర్నెస్టో బెర్టరెల్లి పెట్టిన అలింగీ జట్టుకి వెళ్ళిపోయాడు. సముద్రమే లేని దేశానికి! ఇంటిదగ్గర బ్లాక్‌హార్ట్ పేరుతో ప్రచారం పెట్టి మరీ తిట్టారు. 2003లో ఆక్లాండ్‌లోనే అలింగీ 5-0తో కప్పు పట్టుకుపోయింది. మొదటి పందెంలో న్యూజీలాండ్ పడవలోకి నీళ్ళొచ్చేస్తే బకెట్లతో తోడిపోశారు. నాలుగోదాంట్లో తెరచాప కొయ్యే విరిగింది. విరిగింది కొయ్య, తిట్లు మాత్రం కౌట్స్‌కి.

మా రేవుని వేలంలో పాడుకుంటారు. పాటదారు మారాక కొత్తాయన పిలిస్తే సరంగు వెళ్ళి ఆయన పంటు ఎక్కుతాడు. పాతాయన నాలుగు రోజులు మొహం ముడుచుకుంటాడు, అంతే. ఊరికి ద్రోహం చేశాడని ఎవరూ అనరు. వశిష్ఠ గోదావరిలో పాటు లాగుతుండగా, అంటే నీళ్ళు సముద్రం వైపు తీస్తుండగా, పక్కగాలి తోసేస్తుంటే, నిండా మోటారుసైకిళ్ళున్న పంటుని రేవుకి ఎగువగా పట్టుకెళ్ళి, ఇంజను తగ్గించి, నీటి వాలుకే వదిలి మెల్లగా అంటించాలి. కాస్త ముందు తిప్పితే గట్టుకి కొడుతుంది, ఆలస్యమైతే దిగువకి పోతుంది. ఆ పనితనం పాటదారుది కాదు, సరంగుది. ఎవరి పంటు ఎక్కితే వాడితోనే వస్తుంది.

డబ్బు పెట్టినవాడి దేశభక్తిని మాత్రం ఎవరూ అడగరు. న్యూయార్క్ యాట్ క్లబ్ దగ్గర 132 ఏళ్ళు ఉండిపోయిన కప్పుని 1983లో ఆస్ట్రేలియా గెలిచింది. సొమ్ము పెట్టిన అలన్ బాండ్‌ని జనం నెత్తిన పెట్టుకున్నారు. ఆయన పుట్టింది లండన్‌లో. తర్వాత మోసం కేసులో జైలుకీ వెళ్ళాడు. 2013లో 8-1తో వెనకబడి 9-8తో గెలిచిన అమెరికా పడవకి చుక్కాని పట్టింది ఆస్ట్రేలియావాడు జిమ్మీ స్పిత్‌హిల్, సొమ్ము ఓరకిల్ కంపెనీ పెట్టిన లారీ ఎలిసన్‌ది. ఆ జట్టు వ్యవహారమంతా నడిపిందెవరనుకున్నారు? ఈ కౌట్సే!

అప్పుడు ఓడిపోయిన న్యూజీలాండ్ జట్టుకి ఆ పందాల కోసం వాళ్ళ ప్రభుత్వం 3.6 కోట్ల న్యూజీలాండ్ డాలర్లు ఇచ్చింది. దేశం పరువు అంటే ఇవ్వక తప్పుతుందా? 2021లో కప్పు వాళ్ళ దగ్గరే ఉంది. తర్వాతి పందాలు ఇంట్లోనే పెట్టుకోడానికి ప్రభుత్వమూ ఆక్లాండ్ నగరమూ కలిసి నగదూ సదుపాయాలూ కలిపి 9.9 కోట్ల న్యూజీలాండ్ డాలర్ల మేర ఇస్తామన్నాయి. జట్టువాళ్ళకి అది ఆనలేదు. 2024 పందాలు బార్సిలోనాకి పట్టుకుపోయారు. అక్కడ బ్రిటన్ మీద 7-2తో గెలిచారు కూడా, మంచి పడవే. ఇప్పుడేమో నేపుల్స్. సరంగు ఒక్కడు పంటు మారితే ద్రోహం, జట్టుకి జట్టే రేవు మార్చేస్తే వ్యాపారమా? మీ కథనంలో బార్సిలోనా పేరుంది గానీ ఈ ముక్క లేదు.

పడవెక్కేవాళ్ళకి ఆ దేశపు పాస్‌పోర్టో, అక్కడ నివాసమో ఉండాలని 2017 పందాల తర్వాత, 2021, 2024 పందాలకి నియమం పెట్టారు. సొమ్ము పెట్టేవాడికి అలాంటి నియమమేదీ పెట్టలేదు.

అయ్యా, నేపుల్స్ పందాల వార్తలు వేసేటప్పుడు ఏ జట్టు వెనక ఎవరి సొమ్ముంది, అందులో జనం కట్టిన పన్ను ఎంత అన్నది కూడా ఒక వరుస వేయించండి. చుక్కాని పట్టినవాడు ఏ దేశం వాడన్నది ఆ తర్వాత చూసుకుందాం.

ఇట్లు,
ఒక మాజీ సరంగు,
సఖినేటిపల్లి, కోనసీమ.