పెడన కలంకారీకి పారే నీరు కావాలి

కృష్ణా జిల్లా కలెక్టర్ గారికి,

కాలువల్లో నీరు కట్టేసే తేదీలు ముందే చేతికి అందాలని పెడన అద్దకం పనివారి తరఫున కోరుతున్నాం. కారణం ఇదీ.

గంజి వదిలేదాకా ఉతికిన గుడ్డను కరక్కాయ రసంలో ముంచి ఆరబెడతాం. దానిమీద టేకు అచ్చుతో రెండు అద్దకాలు పడతాయి. తుప్పు ఇనుము, బెల్లం కుండలో వారాలపాటు నానబెట్టిన కసిం నలుపునిస్తుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక, బంక. అప్పటికి అక్కడ ఎరుపు కనబడదు.

ఆరిన గుడ్డను పారే కాలువ నీటిలో జాడించాలి. అతుక్కోకుండా మిగిలిన పటిక ప్రవాహంతోపాటు వెళ్లిపోవాలి. తొట్టిలోనో నిలవ నీటిలోనో జాడిస్తే ఆ పటికే తిరిగి తెల్లని నేలకు, అంటే అచ్చు పడని గుడ్డకు, అంటుకుంటుంది. తర్వాత రాగి డేగిశాలో మంజిష్ఠ, సురుడు చెక్క, జాజి ఆకు వేసి ఉడికించినప్పుడు పటిక ఉన్న ప్రతిచోటా ఎరుపు పడుతుంది, నేలంతా మరకలే. ఆ తాను ఇక బాగుపడదు, అన్ని రోజుల పనీ పోయినట్టే. బోరు నీళ్లు తోడి పోయమంటారు కొందరు. ఆ నీళ్లు ఉప్పన, ఉప్పు నీటిలో రంగు తేలిపోతుంది.

అందుకే మేం గుడ్డ జాడించే కాలువ రేవు దగ్గర పూడిక తీయించండి. నీరు ఆగే తేదీని కనీసం 15 రోజుల ముందు చెప్పించండి, అద్దిన గుడ్డ జాడించుకోవడానికి ఆ గడువు చాలు. రసాయన రంగుల స్క్రీన్ ప్రింటును కలంకారీ పేరుతో అమ్మకుండా తనిఖీ చేయించండి.

ఇట్లు,
పెడన కలంకారీ పనివారు