బ్యాంకు కౌంటర్లో బీమా బేరం

సంపాదకులకు నమస్కారం.

వారానికి ఐదు రోజుల పనిదినాలు కావాలన్న బ్యాంకు ఉద్యోగుల డిమాండుపై జరుగుతున్న చర్చలో అసలు బాధ, అంటే సిబ్బంది చేత బీమా పాలసీలు అమ్మించే ఒత్తిడి, మరుగున పడుతోందని అనిపించి ఈ లేఖ రాస్తున్నాను. 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు సెలవులయ్యాయి. మిగతా శనివారాలనూ సెలవులు చేయడానికి, ప్రభుత్వ ఆమోదానికి లోబడి, 2024 మార్చి 8న యాజమాన్యాల సంఘానికీ ఉద్యోగ సంఘాలకూ ఒప్పందం కుదిరింది. న్యాయమైన కోరికే, కాదనను. కానీ శనివారం సెలవిచ్చినంత మాత్రాన సోమవారం బ్యాంకు మెట్లెక్కేటప్పటి గుండెదడ తగ్గదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ చేశాను. మా అమ్మాయి ఇప్పుడు ఈ జిల్లాలోనే ఒక శాఖలో ఆఫీసరు. మా రోజుల్లోనూ లక్ష్యాలుండేవి, మార్చి వస్తే డిపాజిట్ల కోసం గడపగడపకూ తిరిగేవాళ్లం, పైఅధికారుల చేత చీవాట్లూ తిన్నాం. అయితే ఊళ్లో డబ్బును బ్యాంకుకు చేర్చడం వేరు, అప్పుకోసం వచ్చిన మనిషికి అడగని పాలసీ అంటగట్టడం వేరు.

నారుమళ్ల రోజుల్లో ఒకసారి ఆ శాఖకు వెళ్లాను. ఒక రైతు తన భార్య పుస్తెలతాడు తాకట్టు పెట్టడానికి వచ్చాడు. తూకం అయింది, సంతకాలూ అయ్యాయి, అప్పుడు మా అమ్మాయి పాలసీ కాగితం ముందుకు జరిపింది. "ఇది కట్టకపోతే లోనవ్వదేటమ్మా?" అని అతనడిగాడు. ఆమె తలెత్తకుండా ఆ కాగితం వెనక్కి తీసుకుని, లోను ఇచ్చి పంపింది. ఆ రాత్రి ఏడున్నరకు, రోజు లెక్కలు ఇంకా కుదరకముందే, వీడియో మీటింగులో ఒక్క పాలసీ కూడా అమ్మనివారి పేర్లు తెరమీద ఎర్రరంగులో చూపించి ఒక్కొక్కరి చేత సంజాయిషీ చెప్పించారు. మూడు నెలల లెక్క ముగిసేసరికి మా అమ్మాయి వాళ్లమ్మ పేర పాలసీ తీసుకుంది. ఆ ప్రీమియం ఇప్పటికీ ఆమె జీతంలోంచే పోతోంది.

బీమా చెడ్డదని నేననడం లేదు. కేంద్ర ప్రభుత్వ పథకాలైన ఏడాదికి 436 రూపాయల జీవన జ్యోతి (జీవిత బీమా), 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాద బీమా) గురించి నాలుగు మాటలు చెబితే జనమే ముందుకొచ్చి చేరతారు. ఒక్కొక్కదానికి రెండు లక్షల రక్షణ ఉంది కదా. రాత్రి మీటింగుల్లో వాటి ఊసే తక్కువ, కమీషను ఎక్కువ వచ్చేవాటి మీదే ధ్యాసంతా. బ్యాంకుల ద్వారా అమ్మే బీమాలో ఖాతాదారు చేరడం పూర్తిగా స్వచ్ఛందమనీ, బీమా కంపెనీలు బ్యాంకు సిబ్బందికి ఏ ప్రోత్సాహకమూ ఇవ్వరాదనీ రిజర్వు బ్యాంకు ఆదేశాల్లో స్పష్టంగా ఉంది. ఒత్తిడికి మాత్రం కాగితం ఉండదు, అంతా ఫోన్లలోనే. ఏదైనా ఫిర్యాదు వస్తే కౌంటర్లో కూర్చున్న పిల్లే దోషి అవుతుంది.

జిల్లా స్థాయి సంప్రదింపుల కమిటీలో రుణాల లెక్కలు సమీక్షించే కలెక్టరు గారు, రుణంతోపాటు ఎన్ని పాలసీలు అమ్మారో, అందులో ఎన్ని రద్దయ్యాయో కూడా శాఖలవారీగా అడగాలని కోరుతున్నాను. పాలసీ అందిన 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయవచ్చన్న సంగతి ప్రతి శాఖలోనూ బంగారు రుణాల కౌంటరు పక్కనే తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిపెట్టించాలి. పనివేళలు ముగిశాక మీటింగులు పెట్టడం, పేర్లు తెరకెక్కించడం ఆపాలని బ్యాంకుల యాజమాన్యాలకు నా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
శ్రీకాకుళం.