గడియారానికి చదరపు అడుగుల లెక్కా? మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సాంస్కృతిక, పురావస్తు శాఖల మంత్రి గారికి నమస్కారాలు.

మేం గడియారాల పనివాళ్లం, పాత కలప పని చేసే వడ్రంగులం. పాత అతిథిగృహం సామాను బాగుచేయించే పని మీద ఇప్పటికి మూడు అర్జీలు ఇచ్చాం. మొదటిదానికి రసీదు వచ్చింది. రెండోది "తగు చర్య నిమిత్తం" కిందికి వెళ్లింది. కింది కార్యాలయం దాన్ని, మేం ఎవరి పని గురించి రాశామో ఆ ఇంజినీరు గారికే పంపింది. మూడోదాని జాడ లేదు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ పెట్టడం లేదు, ఫైలు మీ పేషీలోనే ఉంది.

ఆ సామాను బాగుచేసే పథకం సంగతి మీకు మేం చెప్పాలా? మా గొడవంతా పనికి వేసిన ఖర్చు అంచనాలో ఉన్న ఒక్క వాక్యం మీద: "పాత చెక్క సామాను గీకి, సాండింగ్ చేసి, మెలమైన్ పాలిష్ వేయుట, చదరపు అడుగు ఒక్కింటికి." ఆ పద్దు కింద టేకు బీరువాలు, జిట్రేగి కుర్చీలు, పేము అల్లిన సోఫాలు ఉన్నాయి. వాటితో పాటు గ్రాండ్‌ఫాదర్ క్లాకులనే నిలువు గడియారాలు రెండు. ఏడడుగుల చెక్కపెట్టె కనబడింది, టేపు పెట్టి కొలిచారు, రేటు కట్టారు. లోపల యంత్రం ఉందన్న ముక్క ఎక్కడా లేదు. టెండర్లో ఎల్‌-1, అంటే అందరికంటే తక్కువ ధర వేసినవాళ్లకు పని దక్కింది. వాళ్లను ఏమీ అనం. గీకితేనే బిల్లయ్యే పనిలో గీకక ఏం చేస్తారు?

మొదటి గడియారానికి ఏమైందో వినండి. గడియారాన్ని నడిపే బరువు గుండ్లు దించలేదు, లోలకం తీయలేదు, పెట్టెను మంచంలా పడుకోబెట్టి నలుగురు మోశారు. ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడిచే ఇలాంటి గడియారంలో గుండ్లు రెండు, ఒక్కోటి ఐదారు కిలోలు. ఒకటి నడకకు, ఒకటి గంట కొట్టడానికి. సుమారు 99 సెంటీమీటర్ల లోలకం సెకనుకో ఊపు ఊగుతుంది. అంత లోలకమూ వేలాడేది పలచని చిన్న ఉక్కు రేకు మీద. పడుకోబెట్టగానే రేకు మడతపడింది. ఇక లోలకం తిన్నగా ఊగదు, మెలిక తిరుగుతూ కాసేపు ఊగి ఆగిపోతుంది. బిగువు తప్పిన గుండ్ల తాళ్లు, అవి చుట్టుకునే డ్రమ్ముల మీంచి జారి ఇరుసులకు చుట్టుకున్నాయి. ఒక గుండు దొర్లి తలుపు పలకను చీల్చింది.

తర్వాత డయల్ వంతు. ఆ పాత ఇత్తడి డయళ్లలో అంకెల వలయానికి వెండి పూత ఉంటుంది. గట్టిగా తుడిస్తే పోయేంత పలచన. చెక్కిన అంకెల్లో నల్లమైనం నింపి ఉంటుంది. దాన్ని ఇత్తడి పాలిష్ పెట్టి చెంబు తోమినట్టు తోమారు. వెండీ పోయింది, నలుపూ పోయింది. ఇప్పుడు టైము చూడాలంటే దగ్గరికెళ్లి వేలితో తడుముకోవాలి. ప్రారంభోత్సవం నాడు "బంగారంలా మెరుస్తోంది" అని పెద్దలు మెచ్చుకున్నారట, సంతోషం.

చక్రాల పళ్ల నిండా కుట్టుమిషను నూనె పోశారు. పళ్లకు నూనె పెట్టకూడదండీ. ఇరుసుల కొనలు తిరిగే బెజ్జాల్లో తలో చుక్క, లోలకం ఊపుకో పన్ను చొప్పున చక్రాన్ని వదిలే కొక్కేలకు (పల్లెట్లకు) కాస్త, అంతే. పళ్ల మీద నూనె దుమ్మును పడుతుంది. ఆ ఇసుక రేణువులు మెత్తని ఇత్తడిలో నాటుకుని దానితో కలిసి తిరిగే చిన్న పళ్లచక్రాన్ని, గట్టి ఉక్కు పినియన్‌ను కోసేస్తాయి. అరిగేది ఇత్తడే అనుకుంటారు చాలామంది.

చివరికి బజారు నుంచి ఎవరినో పిలిచి రేకు మార్పించారు. నడిచింది, ఐదు రోజులు. ఎందుకాగిందో ఎవరూ అడగలేదు. పెట్టె వెనక పలకను గోడకు బిగించకుండా తివాచీ మీద నిలబెట్టారు. కీ ఇచ్చిన ఐదారు రోజులకు గుండ్లు దిగుతూ దిగుతూ లోలకం బిళ్ల ఎత్తుకు వస్తాయి. పెట్టెకు గట్టి ఆసరా లేకపోతే అప్పుడు గుండ్లు కూడా ఊగడం మొదలెట్టి లోలకం బలాన్ని లాగేసుకుంటాయి. గోడకు రెండు స్క్రూలు వేస్తే తీరే జబ్బు. నివేదికలో మాత్రం "మరమ్మతుకు పనికిరాదు" అని రాశారు. "వేసవిలో వెనకబడుతోంది" అని ఇంకో తప్పు పట్టారు. లోలకం ఉక్కు కడ్డీ పది డిగ్రీలు వేడెక్కితే రోజుకు ఐదు సెకన్లు వెనకబడుతుంది. మా అర్జీలతో పోలిస్తే అది ఆలస్యమే కాదు.

పనికిరాదన్నాక దారి వేలానికే. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు, కేంద్రం అనుమతి లేకుండా దేశం దాటకూడదు. వేలం జాబితాలో "పాత చెక్క" అని రాసి ఉంటే దాని వయసు అడిగేదెవరు?

కుర్చీల గోడు వేరే. వాటి మీదున్నది లక్క పాలిష్. స్పిరిట్ గుడ్డతో లేపి మళ్లీ అద్దుకోవచ్చు, గీకాల్సిన పనే లేదు. గీకితే చెక్కడం అంచులు మొద్దుబారతాయి, ఏళ్ల తరబడి పండిన రంగు పొట్టుతో పాటు చీపురుకు పోతుంది. అతుకుల్లో దూరే కర్ర కొసలు, అదే కుసులు, సరేసు అనే పాతకాలపు జంతుచర్మపు జిగురుతో అతికినవి. వేడినీళ్ల తడి తగిలిస్తే వదులవుతాయి, మళ్లీ అతకొచ్చు. ఇప్పుడు పాత సరేసు కడగకుండానే తెల్లజిగురు పోసి, పైనుంచి మేకులు దిగ్గొట్టారు. ఈసారి ఊడేది అతుకు కాదు, కర్రే విరుగుతుంది. పేము అల్లిక కోసేసి ప్లైవుడ్, ఫోము, రెక్సిన్ వేశారు. మే నెలలో దాని మీద గంటసేపు కూర్చుని చూడండి సార్.

సాలార్‌జంగ్ మ్యూజియంలో బొమ్మ వచ్చి గంట కొట్టేదాకా జనం గడియారం ముందు నుంచి కదలరు. నడిచే గడియారమంటే అంత ఇష్టం మనవాళ్లకు. దయచేసి గడియారాలను పాలిష్ పద్దులోంచి తీయించండి. పని తెలిసినవాళ్లను పిలవండి. ఎవరిని పిలిచినా సరే, మమ్మల్నే పిలవమని అడగడం లేదు. వేలం ఆపించండి. ఇవే మాటలు మూడు అర్జీల్లోనూ రాశాం.

ఇవేవీ కుదరకపోతే ఇదొక్కటి. రెండో గడియారం మేడమీద హాల్లో ఇంకా నడుస్తోంది. దాన్నీ గీకడానికి కిందికి దించుతారట. మోసేవాళ్లకు ఈ ముక్క చదివి వినిపించండి: డయల్‌ను కప్పిన పై గూడును ముందుకు జరిపి తీయాలి. తలుపు తెరిచి ముందు గుండ్లు దించాలి, ఏది ఎడమో ఏది కుడో చీటీ అంటించాలి. గుండ్లు ఉండగా లోలకం తీస్తే యంత్రం పరుగందుకుంటుంది. గుండ్ల తర్వాతే లోలకం, రేకు మడతపడకుండా. డ్రమ్ముల మీది తాళ్లు జారకుండా టేపు చుట్టాలి. యంత్రాన్ని డయల్‌తో సహా కింది పలకతోనే ఎత్తి బయట పెట్టాలి. ఖాళీ పెట్టెను ఆఖర్న, గోడ స్క్రూలు విప్పాకే కదపాలి. ఆ స్క్రూలు పారేయొద్దు.

ఇట్లు,
గడియారాల పనివాళ్లు, పాత కలప పని చేసే వడ్రంగులు